అభ్యంతరం లేదు

మా బావగారు ఇంట్లో నన్ను "అమ్మాయ్" అంటారు. ఆఫీసులో "మేడం" అంటారు. ఇద్దరం ఒకే బస్సులో వస్తాం. దారంతా మా ఆయన చిన్నప్పటి అల్లరి చెప్పి నవ్వించిన మనిషి, గేటు దాటగానే రెండడుగులు వెనక్కి తగ్గి "నమస్తే మేడం" అంటారు. మొదట్లో ముచ్చటగా ఉండేది. ఈమధ్య ఒళ్ళు మండుతోంది.

ఆయన సిటీ బస్సుల రిపేరు షెడ్డులో అందరికంటే సీనియర్ మెకానిక్. నేను అదే సంస్థలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. షెడ్డు ఫోర్‌మన్ రిటైరవడంతో ఆ పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టుతో పాటు షెడ్డు మూలన ఉన్న అద్దాల గది, అందులో ఒక కుర్చీ వస్తాయి. బావగారికి కావలసింది ఆ కుర్చీయే. మోకాళ్ళు అరిగిపోయాయి. బస్సు కింద గోతిలోకి దిగితే పైకి రావడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. ఆయన సర్వీసు ముగిసేలోగా మళ్ళీ ఇలాంటి ఖాళీ రాదు.

మా రూలు అర్థం కానిదేమీ కాదు. ముందు సీనియారిటీ చూడాలి. సీనియర్‌కి పనితీరు మీద ఏటా రాసే నివేదికల్లో కనీసం "బాగు" అని ఉంటే పోస్టు ఆయనదే, కిందివాడు ఎంత మొనగాడైనా సరే. "బాగు" కంటే తగ్గితే మాత్రం తరవాతి వాడికి పోతుంది. బావగారికి "బాగు" లేకపోవడమేమిటని, నవ్వుకుంటూనే ఫైలు తెరిచాను.

అన్నేళ్ళ నివేదికల్లోనూ "సాధారణం" అని ఉంది. తరవాతి వాడికేమో ఏటా "అత్యుత్తమం". ఆ కుర్రాణ్ణి షెడ్డులో హారన్ అంటారు, గొంతు అలాంటిది. పనిమంతుడే, కాదనను. కానీ అత్యుత్తమమా? ఊడ్చే మనిషికీ, టైర్లు మార్చేవాడికీ, అందరికీ "అత్యుత్తమం". ఒక్క బావగారికే "సాధారణం". కింద షెడ్డు ఇంజనీరు గారి సంతకం ఉంది. పైన రాసిన గుండ్రటి అక్షరాలు మాత్రం నాకు బాగా తెలుసు. మా అత్తగారి మందుల డబ్బాల మీద రోజూ చూసే అక్షరాలే అవి.

ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళగానే నిలదీశాను.

"అవును, నేనే రాస్తాను," అన్నారాయన, అదేదో కూరగాయలు తెచ్చే పనైనట్టు. "ఇంజనీరు గారికి తీరిక ఉండదు. షెడ్డులో పెద్దవాణ్ణని నాకిస్తారు. నేను రాస్తే ఆయన సంతకం పెడతారు."

"మీది కూడా మీరే రాసుకున్నారా?"

"మరి ఇంకెవరు రాస్తారమ్మాయ్?"

"రాసుకునేటప్పుడు 'బాగు' అని రాసుకోవడానికి చెయ్యి రాలేదా?"

ఆయన నొచ్చుకున్నారు. "నా గురించి నేనే గొప్పగా రాసుకుంటే ఏం బాగుంటుంది? ఇంజనీరు గారు చూస్తే ఏమనుకుంటారు?"

ఇంజనీరు గారు చూడలేదు. మర్నాడు అడిగితే ఆయనే చెప్పారు. "చదువుతూ కూర్చుంటే సంతకాలెప్పుడు పెట్టనమ్మా? అయినా నేనేం తక్కువ చెయ్యలేదే, ఆయనే రాసుకున్నాడుగా!" ఆ ముఖంలో తప్పు చేశానన్న ఛాయ కూడా లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఒక్క దారి మిగిలింది. ఉద్యోగికి నష్టం చేసే వ్యాఖ్య ఏదైనా ఉంటే దాన్ని ముందుగా అతనికి తెలియజెయ్యాలి, అభ్యంతరం చెప్పుకోనివ్వాలి. అలా చెయ్యకుండా ఆ వ్యాఖ్యను పదోన్నతికి అడ్డం పెట్టకూడదు. బావగారికి ఏనాడూ ఎవరూ తెలియజెయ్యలేదు. పరుగున మా సంస్థ లాయరు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకున్నారు. "రాసినాయనకే, మీ గురించి ఇలా రాశారని ఉత్తరం పంపమంటారా?"

"రూలు ప్రకారం పంపాలా, వద్దా?"

"పంపాలి. సంతకం ఎవరిదైతే రాసింది వాళ్ళే. ఆయన అభ్యంతరం చెప్పి, పనితనానికి ఆధారాలు చూపిస్తే, పదోన్నతుల కమిటీ 'బాగు' అని మార్చవచ్చు."

ఆధారాలకు కొదవేముంది? రోడ్డు మధ్యలో ఆగిపోయిన బస్సులను ఈయన లేపి పంపిన సంగతి డ్రైవర్లంతా చెబుతారు. ఫోర్‌మన్‌గా రాణిస్తారా అంటే ఒట్టేసి చెప్పలేను. ఎవరినీ ఒక్క మాట అనలేని మనిషి, అంతమంది చేత పని ఎలా చేయిస్తారో నాకూ అనుమానమే. కానీ రూలు అడిగింది కనీసం "బాగు"నే కదా. ఆ మాత్రం ఆయనకు లేదంటే ఆ షెడ్డులో ఎవరికీ లేనట్టే.

ఉత్తరం నేనే టైపు చేశాను. జవాబుకి పదిహేను రోజుల గడువు పెట్టాం. బావగారు నా టేబులు ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, సంతకం చేసి తీసుకుని "థాంక్యూ మేడం" అన్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో రోజూ ఇదే రామాయణం. నేను చెప్పాను, మా ఆయన చెప్పాడు. మా తోటికోడలు అయితే కంచం ముందు పెట్టి మరీ పోరుపెట్టింది. "ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోతుంది? రాత్రిళ్ళు మోకాళ్ళకి కాపడం పెట్టేది నేను కదా!"

"నా చేత్తో రాసింది అబద్ధమని మళ్ళీ నా చేత్తోనే ఎలా రాయను?" అనేవారాయన. "అసలు నేనెందుకు రాశానని అడిగితే? పాపం, ఇంజనీరు గారికి మాట వస్తుంది."

"ఆయనకి మాట వస్తుందని మీరు గోతిలో దిగుతారా?"

"నా గురించి నేను చెప్పుకోవాలా అమ్మాయ్? ఇన్నేళ్ళు చూశారుగా, వాళ్ళకి తెలీదా?"

అందరికీ తెలుసు, కాగితానికే తెలియదు, నన్నేం చెయ్యమంటారని గట్టిగా అరిచేశాను. మా అత్తగారు లోపలి గదిలోంచి ఏమైందని వచ్చారు. బావగారు తలొంచుకుని మజ్జిగ పోసుకున్నారు.

గడువు చివరి రోజున జవాబు వచ్చింది. అవే గుండ్రటి అక్షరాలు. "వ్యాఖ్యలు చూసుకున్నాను. నాకు అభ్యంతరం లేదు." దాన్ని ఫైల్లో పెట్టేటప్పుడు నాకు ఏడుపే వచ్చింది. కోపంతోనే అనుకోండి. కమిటీకి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. హారన్ ఫోర్‌మన్ అయ్యాడు.

మా తోటికోడలు నాతో మాటలు తగ్గించేసింది. "నువ్వు ఆఫీసులో ఉండి ఏం ఉపయోగమే?" అని మాత్రం ఒకసారి అంది. బావగారు మాత్రం ఎప్పటిలాగే బస్సులో నవ్విస్తూ, గేటు దగ్గర నమస్తే పెడుతూ ఉన్నారు. ఈయనకి బాధన్నదే లేదా అని నాకు ఇంకా ఒళ్ళు మండేది.

కొన్నాళ్ళకు నివేదికల కాలం వచ్చింది. హాజరు లెక్కల కోసం షెడ్డుకి వెళ్ళాను. బావగారు గోతిలో ఉన్నారు. హారన్ అద్దాల గదిలోంచి కాగితాల కట్ట పట్టుకొచ్చి గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు.

"బాబాయ్, ఇంజనీరు గారు ఈసారి నన్ను రాయమన్నారు. నాకేం చేతనవుతుంది? ఎప్పట్లా నువ్వే రాసి పెట్టవూ?"

బావగారు చేతుల గ్రీజు నెమ్మదిగా గుడ్డకి తుడుచుకున్నారు. ఆ కాగితాల్ని అందుకుంటారని, అందుకుంటే లాక్కుని చింపేద్దామని నేను అడుగు ముందుకేశాను.

"సాధారణం గాణ్ణి, నాకెందుకురా అంత పెద్ద పని?" అన్నారాయన. "నువ్వు అత్యుత్తమం కదా. నువ్వే రాసుకో."

హారన్ కాగితాల కట్ట చంకన పెట్టుకుని లేచాడు. బావగారు స్పానరు తీసుకుని బస్సు కిందికి వంగారు.

నేను వచ్చిన పని మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. అన్నేళ్ళ సర్వీసులో మా బావగారు అభ్యంతరం చెప్పడం అదే మొదటిసారి. గడువు మాత్రం ఎప్పుడో దాటిపోయింది.