అరగంట మాట

దేవిదాస్ మోపెడ్‌ను పక్కకు వంచి, లేపి, మళ్లీ తన్నాడు. నాలుగు తన్నులు తిన్నాక అది దగ్గుతూ అందుకుంది. బాన్సువాడ టీ కొట్టు ముందు రోజూ జరిగే తంతే కనుక ఎవరూ తలెత్తి చూడలేదు. మెడలో తువ్వాలు, మోకాళ్ల దగ్గర పలచబడ్డ ఖాకీ ప్యాంటు, హ్యాండిల్‌కు వేలాడే టిఫిన్ డబ్బా. కాలువ మీద నీళ్లకు కాపలా కాసే లస్కరు పని. జీతం కాంట్రాక్టరు చేతిలో ఉన్నా పరువు మాత్రం తన చేతిలోనే ఉందనుకునే మనిషి.

పైన గేటు దగ్గరి నుంచి అప్పుడే ఫోను వచ్చింది. చివరి తడికి నీళ్లు వదులుతున్నారు, తూములో నాచు తీస్తున్న బసవయ్యను బయటికి రమ్మనాలి. ఆ తూము దగ్గర ఫోను పలకదు. కబురు మోపెడ్ మీద వెళ్లాల్సిందే. దేవిదాస్ హారన్ కొడితే బసవయ్య పైకెక్కుతాడు. ఏళ్లుగా అదే పద్ధతి.

మొన్న చలికాలంలో ఇంజనీరు సింధుజ వచ్చి, ఈ కబుర్లు ఎక్కడెక్కడ ఆగుతాయో ఆరా తీసింది. రోజూ ఎంతసేపు పడుతుందని కాదు ఆమె అడిగింది. అన్నీ అడ్డం పడ్డ రోజున మహా అయితే ఎంత ఆలస్యమవుతుందని. అతనికి వెంటనే రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజులు గుర్తొచ్చాయి. కానీ ఉన్నది చెబితే చేతకానివాడని ఇంకొకరిని పెట్టుకుంటారేమోనని భయం.

"ఏం అడ్డమొచ్చినా అర్ధగంట దాటది మేడం" అన్నాడు.

ఆమె నమ్మింది. ఫోను చేశాక అరగంట ఆగి గేటు ఎత్తాలని అందరికీ చెప్పింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

కోటగిరి వైపు మలుపు తిరగగానే గట్టు రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క బురద మడి. వడ్ల మీద బండి ఎక్కించడమా? పొరపాటున గింజకు కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టాడు. దిగి, బండిని మడిలోకి తోశాడు. చక్రం కూరుకుపోయింది.

జేబులో ఫోనుంది. అక్కడ పలుకుతుంది కూడా. ఇంకాసేపు ఆగమంటే గేటు దగ్గరి బాలకృష్ణ కాదనేవాడు కాదు. కానీ అలా అడిగితే అరగంట మాట అబద్ధమని తేలిపోతుంది. సిగ్గేసింది. ఇంకొంచెం దూరమే కదా అనుకుని చక్రం పట్టుకుని లాగాడు.

మళ్లీ రోడ్డెక్కేసరికి కాలువలో నీళ్లు చెత్తను తోసుకుంటూ అతని కంటే ముందే పోతున్నాయి. హారన్ మీద నుంచి వేలు తీయకుండా బండి తోలాడు.

అప్పటికే పక్క పొలాలవాళ్లు బసవయ్యను తూములోంచి లాగి గట్టు మీద పడుకోబెట్టారు. ప్రాణం లేదు. భార్య పోసవ్వ అతని పాదాల బురదను కొంగుతో తుడుస్తోంది.

"నీళ్లొస్తున్నయ్, ఎక్కుమని మొత్తుకున్న తమ్మీ. దేవిదాస్ ఇంక రాలే గదా, గవి పాత నీళ్లే అన్నడు."

దేవిదాస్ ఆమె ముందు కూలబడ్డాడు. "తొవ్వ పొడుగునా వడ్లు పోసిండ్రు అక్కా. బురదల దిగి వొచ్చిన."

పోసవ్వ అతని మోకాళ్ల దాకా అంటిన బురద చూసింది. "వడ్లు తొక్కుకుంట ఎట్లొస్తవ్ తీయ్. నువ్వేం జేస్తవ్."

చేయని తప్పును ఆమె క్షమించేసింది. చేసిన తప్పు జేబులోనే ఉంది. చెప్పాలని నోరు తెరిచాడు. జేబులో ఫోను చేతికి తగలగానే మూసేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆటో వచ్చింది. శవాన్ని ఎక్కించారు, పోసవ్వ ఎక్కింది. ఒక చెయ్యి వేసి దేవిదాస్ కూడా సాయం పట్టాడు. ఆటో వెళ్లిపోయింది.

నీళ్లలోకి దిగేముందు బసవయ్య విప్పిన చొక్కా గట్టు మీదే ఉండిపోయింది. చక్కగా మడిచి, గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టి ఉంది. దాని మీద ఒక్క చుక్కా పడలేదు.