తెల్లబారిన ఆయిల్

తుఫాను వెలిసిన పొద్దున సాల్మన్ మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ తన జేసీబీ దగ్గరికి వెళ్ళాడు. పాత బండి అది. ఒక క్వారీ వాళ్ళు అరగదీసి వదిలేస్తే కొనుక్కుని, ఓనరూ డ్రైవరూ తనే అయ్యాడు. చర్చి వెనక వేసుకున్న రేకుల షెడ్డు గాలికి లేచిపోయి పక్క పత్తిచేలో బోర్లా పడి ఉంది. కురిసిన వానంతా బండి మీదే కురిసింది.

బకెట్‌ని ఆడించే ఆయిల్ ఉండే హైడ్రాలిక్ ట్యాంకు మూతకి ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో పోయింది. ప్లాస్టిక్ కవరు చుట్టి తాడుతో బిగించి నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు ఆ కవరూ లేదు, తాడూ లేదు. మూత తీసి పుల్ల ముంచి చూశాడు. తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీలాగా ఉంది.

మెకానిక్ బుల్లయ్యకి చిలకలూరిపేటలో షెడ్డు ఉంది గానీ ఇల్లు ఈ ఊళ్ళోనే. సాల్మన్ కబురు చేస్తే లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, ఆ ఆయిల్‌ని రెండు వేళ్ళ మధ్య రాసి చూసి మొహం చిట్లించాడు.

"ఒరేయ్, దీన్ని స్టార్ట్ చెయ్యకు. మొత్తం దించి, కడిగి, కొత్తది పొయ్యాలి."

వాళ్ళు అలా మాట్లాడుకుంటుండగానే మిరప రైతు అంకారావు నలుగురు రైతుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నిద్ర లేక అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"సాల్మనూ, బండి తియ్యి. కట్ట కొట్టాలి."

ఏ కట్టో ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊళ్ళో పెద్ద ఆసామి వేణుగోపాల్, వాగు పక్క పోరంబోకులో చేపల చెరువు తవ్వి, దాని కట్టని వాగులోకి సగం దాకా జరిపాడు. రైతులు కాళ్ళు అరిగేలా తిరిగినా ఏ ఆఫీసులోనూ పని జరగలేదు. ఇప్పుడు వాగు ఆ కట్టకి తన్నుకుని వెనక్కి మళ్ళింది. కాపు మీదున్న మిరప తోటలన్నీ నీళ్ళలో నిలబడ్డాయి. నల్లరేగడిలో నీళ్ళు ఆగితే మిరప వేరు కుళ్ళి, మొక్క నిలువునా వాడిపోతుంది. ఆ మునిగిన వాటిలో సాల్మన్ భార్య మహిమ కౌలుకి చేస్తున్న చేనూ ఉంది.

"ఆయిల్లో నీళ్ళు పడ్డాయన్నా," అన్నాడు సాల్మన్.

"సాయంత్రందాకా ఆగితే తోటలో మిగిలేది ఏమీ ఉండదు. నీ ఇష్టం," అన్నాడు అంకారావు.

సాల్మన్ బుల్లయ్య వంక చూశాడు. బుల్లయ్య బండి కిందికి దూరి ట్యాంకు బోల్టు తిప్పాడు. ముందు నీళ్ళే ధారగా వచ్చాయి. ఆ తర్వాత తెల్లటి ఆయిల్ నురగలు కక్కుతూ డ్రమ్ములోకి దిగింది. ఫిల్టరు మార్చారు. ఉన్న కొత్త ఆయిల్ పోశారు. ఇంజన్ వేసి, బకెట్‌ని మోసే బూమ్‌ని పైకీ కిందికీ కాసేపు ఆడించేసరికి ఆ కొత్త ఆయిలూ మసకబారింది.

"ట్యాంకులోది మార్చాం గానీ సిలిండర్లలో, పైపుల్లో ఉన్న నీళ్ళు ఎటు పోతాయి?" అన్నాడు బుల్లయ్య. "ఇంకా రెండు మూడు సార్లు దించి పొయ్యాలి. ఇప్పుడే పనిలో పెట్టావంటే పంపు పోవచ్చు. పంపు సంగతి అటుంచు, బూమ్ నీ మాట వినదు. ఎత్తినచోట నిలవదు. బకెట్ కింద మనిషన్నవాణ్ణి ఉండనివ్వకు."

సాల్మన్ తల ఊపి సీటెక్కాడు.

కట్ట దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. సాల్మన్ రోడ్డు అంచున బండి కదలకుండా జాకీలు దించి, సీటు వెనక్కి తిప్పుకుని తవ్వడం మొదలుపెట్టాడు. పంపు చెవులు చిల్లులు పడేలా కీచుమంటోంది. బూమ్ ఒక పట్టాన లేవదు, లేచిందంటే గింజుకుంటూ లేస్తుంది, పైన ఆపితే మెల్లగా దిగజారుతుంది. కేకేస్తే మనుషులు దూరం జరుగుతున్నారు, మళ్ళీ ఆత్రం కొద్దీ దగ్గరికి వస్తున్నారు. మహిమ కొంగు నడుముకి బిగించి, పారతో మట్టి లాగుతున్న ఆడవాళ్ళలో ఉంది. కట్ట మూరెడు మూరెడు తెగుతోంది.

అప్పుడు వేణుగోపాల్ మనుషులు ట్రాక్టరు మీదా బళ్ళ మీదా వచ్చారు. చేతుల్లో కర్రలు, గునపాలు. అందరికంటే ముందు దూకినవాడు వేణుగోపాల్ తమ్ముడు సురేంద్ర. వస్తూనే ఒకడి చేతిలో పార లాక్కున్నాడు.

అంకారావు రెండు చేతులూ అడ్డం పెట్టి ఎదురెళ్ళాడు. "సురేంద్రా, మాట విను. నీళ్ళు దిగాక మేమే పూడ్చి ఇస్తాం."

సురేంద్ర వినలేదు. పార తిరగేసి అతని మాడు మీద కొట్టాడు. కొబ్బరికాయ పగిలినట్టు శబ్దం వచ్చింది. అంకారావు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రక్తం కనుబొమల మీదుగా కారి కళ్ళు మూసేసింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. కర్ర తగిలి ఒక ముసలాయన మోచెయ్యి వెనక్కి తిరిగిపోయింది. ఒకడు ఒకడి గొంతు పట్టుకుని బురదలోకి తొక్కుతున్నాడు. దొరికింది దొరికినట్టు విసురుతున్నారు.

మహిమ అంకారావు దగ్గరికి పరుగెత్తి, కొంగు చింపి అతని తలకి అదుముతోంది. సురేంద్ర వెనక నుంచి ఆమె జుట్టు పట్టుకుని లేపాడు.

"మా కట్ట మీద మీ పేటోళ్ళకి పనేంటే?"

ఆమె వెనక్కి తిరిగి అతని చెయ్యి కొరికింది. అతను ఆమె మొహం మీద గుద్దాడు, మళ్ళీ గుద్దాడు, కడుపులో తన్ని కట్ట మీంచి వాగులోకి నెట్టాడు. వాగు ఆమెని ఒక్కసారి ముంచి, కొంత దూరం లాక్కుపోయి, తుమ్మకొమ్మల్లో విసిరేసింది.

సాల్మన్ సీటు మీంచి ఇదంతా చూశాడు. దిగి పరుగెత్తాలని లేచి, మళ్ళీ కూర్చున్నాడు. సురేంద్ర తెగిన కట్ట అంచున నిలబడి, చేతి మీద పంటిగాటు చూసుకుని, తలెత్తి క్యాబిన్ వైపు చూశాడు. పారతో చూపించాడు.

"నీకే చెప్తున్నా. దిగు."

బకెట్ సరిగ్గా అతని పైన ఉంది. సాల్మన్ చెయ్యి లివరు మీద ఉంది. బూమ్‌ని పక్కకి తిప్పే వీలుంది. అతనికి ఆ సంగతి తెలుసు. అతను సురేంద్ర కళ్ళలోకి చూస్తూనే లివరు నెట్టాడు.

ఆ పూట ఒక్క మాటా వినని బూమ్ ఆ మాట విన్నది. సురేంద్ర ఒక అడుగు వెనక్కి వేశాడు గానీ రెండో కాలు రాలేదు. బకెట్ పళ్ళు మోకాలికి పైన దిగి, కాలిని కట్టలో వేసిన రాళ్ళకి నొక్కేశాయి. అతని నోట్లోంచి వచ్చిన అరుపుకి కొట్టుకుంటున్నవాళ్ళంతా ఆగిపోయారు.

ఆ అరుపు విన్నాక సాల్మన్‌లో కోపం ఎటు పోయిందో తెలియలేదు. లివరు వెనక్కి లాగాడు. బూమ్ లేవలేదు. మళ్ళీ లాగాడు. పంపు కీచుమంది, బకెట్ కొంచెం వణికింది, ఆ వణుకుకి సురేంద్ర ఇంకా గట్టిగా అరిచాడు.

"ఉండండి, ఎత్తుతున్నా, ఎత్తనివ్వండి," అంటున్నాడు సాల్మన్. ఎవరూ వినే స్థితిలో లేరు. వేణుగోపాల్ మనుషులు అతని కాళ్ళు పట్టి క్యాబిన్లోంచి ఈడ్చారు. గునపం వెనకవైపుతో పక్కటెముకల మీద పొడిచారు. ఒకడు అతని కుడిచెయ్యి జాకీ మీద పెట్టి రాయితో కొట్టాడు. ఒకసారి కాదు, వేళ్ళు వేళ్ళలా లేకుండా పోయేదాకా కొట్టాడు. నోటి మీద తన్నిన కాలు ఎవరిదో అతనికి తెలియదు. పళ్ళు నాలుక మీద రాళ్ళలా తగిలాయి. వాళ్ళు కొడుతున్నంతసేపూ అతను "బకెట్ ఎత్తండి, ముందు బకెట్ ఎత్తండి" అంటూనే ఉన్నాడు.

ఎత్తింది బుల్లయ్య. జనాన్ని తోసుకుంటూ బండెక్కి, ఇంజన్ పూర్తిగా రేజ్ చేసి, లివర్ని కొంచెం కొంచెంగా లాగుతూ బకెట్‌ని జానెడు లేపాడు. సురేంద్రని లాగేసరికి కాలు చర్మంతో వేలాడుతోంది. అదే సమయానికి సగం తెగిన కట్ట మిగతా సగం తనంతట తానే కూలిపోయింది. వాగు మట్టినీ కర్రల్నీ చేపల్నీ కలిపి తోసుకుంటూ కిందికి పోయింది. తుమ్మ కొమ్మల్లోంచి మహిమని తాళ్ళు వేసి లాగారు.

అందరినీ గుంటూరు పెద్దాసుపత్రికే తీసుకెళ్ళారు. సురేంద్ర కాలు తీసేశారు. అంకారావు తలకి కుట్లు పడ్డాయి. మహిమకి ఒక కన్ను చాలాకాలం తెరుచుకోలేదు. సాల్మన్ చేతికి మూడు వేళ్ళు మిగిలాయి, అవి వంగవు.

ఎస్ఐ సాల్మన్ మంచం దగ్గరికి వచ్చి అడిగాడు. "బూమ్ దానంతట అదే పడిందా?"

పక్క మంచం మీంచి అంకారావే జవాబు చెప్పాడు. "అవునండి. ఆయిల్లో నీళ్ళు పడ్డాయి. పొద్దుటి నుంచీ జారుతూనే ఉంది. ఊరంతా చూసింది."

ఎస్ఐ మళ్ళీ సాల్మన్ వైపు తిరిగాడు. వాచిన నోటితో మాట రాదు. సాల్మన్ తల ఊపాడు.

బండిని పరీక్ష చేయించారు. ట్యాంకులో ఆయిల్ తెల్లగానే ఉంది. బుల్లయ్యని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇలాంటి ఆయిల్‌తో బూమ్ నిలవదని తను ముందే హెచ్చరించాననీ చెప్పాడు. అతను చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. సురేంద్ర మాత్రం మత్తు దిగిన రోజు నుంచీ ఒకటే మాట. "నా కళ్ళలోకి చూసి వేశాడు." నొప్పి మీద అలా అంటున్నాడనుకున్నారు. చివరికి అతని అన్న వేణుగోపాల్ కూడా వినడం మానేశాడు. ప్రభుత్వ స్థలంలో కట్ట వేసింది తను, తలలు పగలగొట్టింది తన మనుషులు. కేసు యాక్సిడెంటుగా పోతేనే అతనికి మంచిది. ఊరి పెద్దలు కూర్చుని రెండు వైపులా రాజీ అన్నారు. లోక్ అదాలత్‌లో సంతకాలు పెట్టడమే మిగిలింది.

అందుకు ముందే ఒక ఉదయం సాల్మన్ వేణుగోపాల్ ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ తల్లి పేరమ్మ గుమ్మంలో మిరపకాయల తొడాలు తీస్తోంది. ఇతన్ని చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎందుకొచ్చావు?"

"సురేంద్రతో ఒక మాట చెప్పాలమ్మా."

ఆమె పక్కకి జరగలేదు, పొమ్మనీ అనలేదు. లోపల నుంచి సురేంద్రే పిలిచాడు. "రానివ్వమ్మా."

అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చంకకర్ర గోడకి ఆనించి ఉంది.

"ఏరా, బూమ్ జారిందా?" అని అడిగాడు. "ఇంట్లోవాళ్ళు నాకు మతి చెడిందంటున్నారు. రాత్రిళ్ళు అదే కనిపిస్తుంది, నువ్వు నన్ను చూడటం. అది నిజమో కాదో చెప్పు. నాకు ఇంకేమీ వద్దు."

సాల్మన్ నిలబడే చెప్పాడు. "జారలేదు. నేనే వేశాను. పక్కకి తిప్పగలిగీ తిప్పలేదు. నువ్వు మహిమని నీళ్ళలోకి తోశావు. నేను వేశాను."

సురేంద్ర చంకకర్ర అందుకుని, ఉన్న ఒక్క కాలి మీద లేచి, సాల్మన్ మొహం మీద కొట్టాడు. దవడ మీద తోలు చీరింది. సాల్మన్ చేతులు ఎత్తలేదు. రెండో దెబ్బకి సురేంద్రే తూలి నేల మీద పడ్డాడు. సాల్మన్ వంగి అతని చంకల కింద చేతులు పెట్టాడు.

"ముట్టుకోకు." సురేంద్ర అతని చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, మెడ నొక్కాడు. ఆ చేతుల్లో బలం లేదు. కాసేపటికి వదిలేసి, నేల మీదే గోడకి చేరగిలబడి రొప్పాడు. "మా అన్నకి చెప్పు. ఈ మాట మా అన్నతో చెప్పు."

చప్పుడుకి వేణుగోపాల్ అప్పటికే గుమ్మంలోకి వచ్చి ఉన్నాడు. సాల్మన్ మళ్ళీ చెప్పాడు, అవే మాటలు. వేణుగోపాల్ తమ్ముడి వంక చూడకుండా విన్నాడు.

"నేనేమీ వినలేదు. రాజీ అయిపోయింది. నువ్వెళ్ళు," అన్నాడు.

"విన్నావు," అన్నాడు సురేంద్ర నేల మీంచి. "అమ్మా, నువ్వూ విన్నావుగా."

"విన్నాన్రా," అంది పేరమ్మ. ఆమె వచ్చి కొడుకు పక్కన నేల మీదే చతికిలబడి, పెద్ద కొడుకు వైపు చూసింది. వేణుగోపాల్ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సాల్మన్ దవడ మీద చెయ్యి అదిమిపెట్టుకుని రోడ్డెక్కాడు. ఇంటికి వెళ్ళలేదు. ఆటో ఎక్కి పోలీస్ స్టేషన్ దగ్గర దిగాడు. ఎస్ఐ బయటికి వెళ్ళాడు, వస్తాడు, కూర్చోమన్నారు. వరండాలో బల్ల మీద కూర్చుని మహిమకి ఫోను చేశాడు. స్టేషన్ దగ్గరున్నానని, జరిగింది జరిగినట్టు చెప్పడానికి వచ్చానని చెప్పాడు.

"కొమ్మ పట్టుకుని పైకి చూస్తే నువ్వు కనపడ్డావు," అంది మహిమ. "నువ్వు లివరు నెట్టడం చూశాను. నువ్వు చెప్తావేమోనని చూస్తున్నాను ఇన్నాళ్ళూ."

"నువ్వెందుకు అడగలేదు?"

"నా కోసం చేశావు కదయ్యా. ఎట్లా అడగను? నేను బయల్దేరుతున్నా. వచ్చిందాకా లోపలికి వెళ్ళకు."

సాల్మన్ సరేనన్నాడు. దవడ మీంచి కారిన రక్తం చొక్కా మీద ఎండుతోంది. ఒక కానిస్టేబులు వచ్చి ఆ గాయం ఏమిటని అడిగాడు.

"అది కూడా చెప్తానండి," అన్నాడు సాల్మన్. "మా ఆవిడ రానివ్వండి."