వెంటి కర్ర

ఆవూ లేదు, గేదే లేదు, అప్పయమ్మ మాత్రం క్వార్టరు డాబా నిండా గడ్డి చుట్టలు ఆరబెట్టుకుని కూర్చుందని పక్కింటి లక్ష్మీనరసమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. కొడుకు రాంప్రసాద్‌కి షహడోల్ బదిలీ అయి, పెళ్ళాంతో, సామానుతో వారం కిందటే వెళ్ళిపోయాడనీ, ఈవిడ ఒక చాపా ఒక గిన్నే పెట్టుకుని ఉండిపోయిందనీ, ఇవాళ సాయంత్రం బండికి పోవాల్సిన మనిషి పొద్దున్నే ఈ పని పెట్టుకుందనీ చెప్పి, "ముసిల్దానికి ఏటో సోకింది" అని తేల్చేసిందట. బిందె నింపుకోవడానికి వెళ్ళిన నీలవేణి ఆ మాట చల్లారకముందే డాబా మీదికి మోసుకొచ్చింది. నీలవేణి, అప్పయమ్మ పనిచేసేది ఒకే ప్యాకింగ్ యార్డులో.

"సోకితే సోకిందిలే. ఆ మూల చుట్టలు తిరగెయ్యవే ముందు," అంది అప్పయమ్మ.

ఒక చుట్ట అందుకుని, బయటికి పొడుచుకొచ్చిన పరకను గోటితో విరిచింది. టక్కుమంది. వంగి ఊరుకుంటే లోపల తడి ఉన్నట్టే. వేళ్ళ కణుపులు గడ్డి కోతలకు నల్లబడి, పాత తోలు చెప్పుల్లా గట్టిపడి ఉన్నాయి. యార్డులో ఎండ తగిలే చోటంతా లారీలదే కాబట్టి ఈ డాబా ఒక్కటే ఆమెకు కళ్ళం.

బిలాస్‌పూర్ శివారు సిరగిట్టిలోని ఆ యార్డులో రైలు తీగల్ని పట్టి ఉంచే పింగాణీ ఇన్సులేటర్లను పెట్టెల్లో సర్ది డిపోలకు పంపుతారు. నిన్నమొన్నటిదాకా వాటి మధ్య థర్మాకోల్ కుక్కేవారు. దాని గింజలు మరమరాల్లా యార్డంతా ఎగిరేవి. సాయంత్రం వెనక గోడ దగ్గర తగలబెడితే ఆ పొగకు ఆడవాళ్ళు రాత్రి అన్నం తినలేకపోయేవారు. కొత్తగా వచ్చిన ఇంజినీరు శ్రీనిధికి ఆ మంట నచ్చలేదు. పెట్టె వెళ్ళి రావాలి, లోపలి మెత్త కూడా వెళ్ళి రావాలి, మళ్ళీ పనికిరావాలి అంది. అట్టముక్కలు పెట్టి చూసింది, నలిగిపోయాయి. మీ ఊళ్ళలో ఏం చేసేవారని ఆడవాళ్ళను అడిగింది.

పాలకొండ పక్క పల్లెలో వడ్లు దాచే పురి కట్టడానికి అప్పయమ్మ తల్లి గడ్డితో లావుపాటి తాడు పేనేది. దాన్నే వెంటి అంటారు. పేనడానికి, గడ్డి తగిలించి తిప్పే ఒక వంకర కర్ర. పెళ్ళయినప్పుడు సామానుతో పాటు వచ్చిన ఆ కర్ర బిలాస్‌పూర్‌లో ఇన్నేళ్ళూ పెరటి తలుపుకి గడియగా పడి ఉంది. మర్నాడు అప్పయమ్మ దాన్ని ఊడబీకి యార్డుకు తెచ్చింది. వెంటి పేని, చుట్టలు చుట్టి పింగాణీల మధ్య పెడదామంది.

మొదటిసారి మాత్రం పరువు పోయింది. గడ్డి మీద నీళ్ళు చిలకరించి వెంటి పేనడం అమ్మ నేర్పిన పద్ధతి. పురికి చుట్టిన వెంటి ఎండకీ గాలికీ దానంతటదే ఆరుతుంది. మేకులు కొట్టేసిన పెట్టెలో ఎలా ఆరుతుంది? వానాకాలం, పైగా పేనిన రోజే సర్దేసింది. చుట్టలు కుళ్ళి వదులై, పింగాణీ ఒకదానికొకటి కొట్టుకుంది. విరిగినవన్నీ అదే పెట్టెల్లో వెనక్కి పంపడం డిపోవాళ్ళ ఆనవాయితీ. ఒక్కో పెట్టెనూ నలుగురు మోసి దించారు. మూత తీస్తే పుట్టగొడుగులు. గడ్డిలో పుట్టేవాటిని ఇక్కడివాళ్ళు పైరాఫుటు అంటారు. ఆమెను దాయీ, అంటే అమ్మా, అని పిలిచే హమాలీ మనీష్‌కి అప్పట్నుంచి అదే పాట: "దాయీ, పైరాఫుటు కూర ఎప్పుడు పెడతావ్?"

తప్పు తనదేనని అప్పయమ్మ ఒప్పుకుంది. పేనాక ఎండబెడతాను, ఇంకొక్కసారి చూడండని అడిగింది. "ఇదే ఆఖరు. ఈసారి విరిగితే గడ్డి షెడ్డు మూసేస్తాను," అన్నాడు మేనేజరు జానకిరామ్. షెడ్డు మూస్తే నీలవేణితో సహా ఆడవాళ్ళందరూ ఇంటికే.

ఆ పెట్టెలు ఇవాళ వస్తున్నాయి. అందుకే అప్పయమ్మ కొడుకుతో వెళ్ళలేదు.

మధ్యాహ్నం దాటాక యార్డులోకి లారీ వచ్చింది. ఎందుకైనా మంచిదని జానకిరామ్ తెప్పించిన ఇంకో లారీ, నిండా థర్మాకోల్‌తో, గేటు దగ్గర అప్పటికే ఆగి ఉంది. షెడ్డులో వెంటి తిప్పుతున్న అప్పయమ్మ అటు చూడలేదు. చేతిలోని కర్ర ఆగలేదు. కళ్ళు మాత్రం పెట్టె బరువుకి మనీష్ నడుం ఎంత వంగుతుందా అని చూస్తున్నాయి.

మనీష్ తలగుడ్డ బిగించి, తోడు రమ్మని ఇద్దరిని కేకేసి, కాళ్ళు ఎడంగా పెట్టి పెట్టెను బలంగా లాగాడు. అది ఎగిరి ఒళ్ళోకొచ్చింది. వెనక్కి తూలి, లారీ చెక్క పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఒక్క క్షణం పెట్టె వంక చూసి, ఒక్కడే నెత్తికెత్తుకుని దిగొచ్చాడు. రెండోదీ అంతే. మూడోదాన్ని ఒంటి చేత్తో తెచ్చాడు.

మూతలు తీశారు. ఒక్క పింగాణీ పెంకు లేదు. చుట్టలు, పసుప్పచ్చగా, పొడిగా, లోపలి అంచు నున్నబడి. అప్పయమ్మ ఒకటి తీసి వాసన చూసింది. కళ్ళం వాసన.

"ఈసారి ఫుటు లేదు దాయీ," అన్నాడు మనీష్.

"కూర లేదని ఏడుస్తన్నావేటి?"

యార్డంతా నవ్వింది. శ్రీనిధి వచ్చి ఆమెను గట్టిగా కావలించుకుంది. దుపట్టా నిండా గడ్డి అంటుకున్నా దులుపుకోలేదు. జానకిరామ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని గేటు వైపు చెయ్యి ఊపాడు. "ఆ లారీని వెనక్కి పంపెయ్యండి. రేపట్నుంచి అన్ని పెట్టెలకీ గడ్డే."

థర్మాకోల్ లారీ వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది. అప్పయమ్మ అది రోడ్డెక్కేదాకా చూసింది. తర్వాత సగంలో ఉన్న వెంటిని ముగించి, కర్రను రోజూలాగే మేకుకి తగిలించి, చీర కొంగు దులుపుకుంది. శ్రీనిధి స్కూటీ మీద స్టేషన్లో దింపింది. బండి కర్గీ రోడ్ స్టేషను దాటేవేళకి కిటికీ అవతల కోసిన పొలాల్లో గడ్డి వాములు కనిపించాయి. ఒక్కో వామితో ఎన్ని పెట్టెలు సర్దవచ్చో అంచనా వేసుకుంటూ అప్పయమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు జానకిరామ్ షెడ్డులోకి వచ్చి, మేకుకున్న కర్రను రెండు చేతులతో తీశాడు. ఆఫీసులో అద్దాల బీరువాలో పెడదాం, వచ్చినవాళ్ళందరూ చూస్తారన్నాడు. బాగుంటుందని తలలూగాయి.

నీలవేణి ముందుకొచ్చి ఆయన చేతుల్లోంచి దాన్ని తీసేసుకుంది.

"అచ్ఛా, అందరూ సూస్తా కూకుంటే వెంటి ఎవులు తిప్పుతారండీ?"

గడ్డి అందుకుని కర్రకి తగిలించింది. ఆమె గుప్పిట్లో కర్ర తిరగడం మొదలుపెట్టింది.