అమ్మ వంతు పన్ను

మా రంగుల ఫ్యాక్టరీలో నన్ను కోతలక్క అంటారు. నా ఎదుట అనరు, క్యాంటీన్‌లో అంటారు. జీతాల సీటు నాది మరి. ఏడాది చివర జీతాల్లో ఒక కోత పడుతుంది, తిట్లు నాకు పడతాయి. సంగతి ఇంతే. కంపెనీ కట్టే ఆరోగ్య బీమా ఉద్యోగికీ, భార్యాబిడ్డలకీ అయితే దాని మీద పన్ను లేదు. అమ్మానాన్నల్ని కూడా చేర్చుకుంటే మాత్రం వాళ్ళ వంతు బీమా ఖరీదుని జీతంలో కలిపి చూపించి, పన్ను కోయాలి. "చేతికి రాని డబ్బుకి పన్నేంటక్కా?" అని లోడింగ్‌ వాళ్ళు మీదికొస్తారు. "మీ నాన్న ఆపరేషనప్పుడు వచ్చింది కదరా" అంటే తల గోక్కుంటూ వెళ్ళిపోతారు.

అరిచేవాళ్ళతో నాకు పేచీ లేదు. భోజనాల వేళ, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, పిల్లిలా వచ్చి, "అక్కా, మా అమ్మ పేరు తీసెయ్యవా" అని గొణిగేవాళ్ళని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఎంతని ఆ పన్ను? నెలకి రెండు సినిమాలు మానుకుంటే సరి. అదృష్టం కొద్దీ దీనికో రూలుంది. ఎవరి పేరు తీసేస్తున్నారో వాళ్ళ సంతకం కావాలి. అంటే అమ్మ పేరు తీయించాలంటే అమ్మ చేతే సంతకం పెట్టించుకుని రావాలి. చాలామంది అక్కడే సిగ్గుపడి ఆగిపోతారు.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. పదేళ్ళు నా బీమాలోనే ఉంది. ఆ పన్ను కట్టినట్టు కూడా నాకు అనిపించలేదు. రెండేళ్ళ కిందట తమ్ముడికి పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మా మామయ్య ఇంట్లో చుట్టాలందరూ కూర్చుని ఉండగా వాడు ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"అక్కా, ఇక అమ్మ నా బాధ్యత. మా బీమా మీదానికంటే పెద్దది. నీ దాంట్లోంచి తీసెయ్. కొడుకుని నేనుండగా కూతురు చూసుకుంటోందంటే నాకు తలవంపులు."

మామయ్య వాడి భుజం తట్టాడు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. మర్నాడే అమ్మ చేత సంతకం పెట్టించి నా బీమాలోంచి పేరు తీసేశాను.

ఈ ఏడు అమ్మ మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకుని ఏడ్చేది. డాక్టరు రెండూ మార్చాల్సిందే అన్నాడు. సెలవు పెట్టి, బట్టలు సర్దుకుని, అమ్మని ఆస్పత్రిలో చేర్చడానికి తీసుకెళ్ళాను. తమ్ముడు తీరిక దొరకలేదంటూ పాలసీ నెంబరు పంపాడు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో రెండుసార్లు చూసింది.

"మేడమ్, ఇందులో మీ తమ్ముడుగారు, ఆయన భార్య, బాబు ఉన్నారు. అమ్మగారి పేరు లేదు."

"సరిగ్గా చూడమ్మా."

"మొదటి ఏడాది ఉందండి. తర్వాత తీసేశారు."

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను. "ఏరా, అమ్మ పేరేదిరా?"

వాడు నీళ్ళు నమిలాడు. "అది కాదక్కా... జీతంలో కోత చూసి నీ మరదలు గోల పెట్టింది. చేతికి రాని డబ్బుకి పన్నేంటంది."

ఎవరికి చెబుతున్నాడు వీడు!

"ఆ కోత ఎంతో నాకు తెలీదా? తీసేసినవాడివి నాకొక్క మాట చెప్పొచ్చుగా. మళ్ళీ నా దాంట్లో చేర్చుకునేదాన్ని."

"నలుగురిలో మాటిచ్చాను కదక్కా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"పరువు నీది, మోకాళ్ళు అమ్మవి. బాగుందిరా."

వాడికి రోషం వచ్చింది. "ఊరికే నన్నంటావేం? అమ్మకి తెలుసు. సంతకం పెట్టింది కూడా."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. చక్రాల కుర్చీలో అమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుని, ఒళ్ళో సంచీ సర్దుకుంటోంది.

"సంతకం పెట్టావా అమ్మా?"

"పెట్టానే. ఏం చెయ్యమంటావు? వాడి ఇంట్లో రోజూ గొడవట. నా మూలంగా వాడి కాపురం చెడితే?"

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వాణ్ణి నలుగురిలో కడిగేస్తావు. అయినా నీ మీద ధైర్యంతోనేగా పెట్టాను. వాడు చూడకపోతే నువ్వు చూస్తావని."

తమ్ముడి మాటలకి కోపమే వచ్చింది. అమ్మ మాటకి ఏడుపొచ్చింది. ఏడాదిగా నా పక్క మంచం మీదే పడుకుని, రోజూ నా చేతి కాఫీ తాగుతూ, ఈ సంగతి కడుపులో దాచుకుంది. "తమ్ముడి బీమా ఉంది, భయపడకు" అని నేను కాళ్ళకి నూనె రాస్తూ చెప్పినప్పుడల్లా "అవునే" అంది. నమ్మించి గొంతు కోశారు, ఇద్దరూ కలిసి. నా దాంట్లో చేర్చాలంటే మళ్ళీ ఏడాది మొదలయ్యేదాకా ఆగాలి. ఆ రూలు నాకంటే ఎవరికి బాగా తెలుసు?

"వాయిదా వేసుకుంటారా మేడమ్?" అంది కౌంటర్ అమ్మాయి, జాలిగా.

అమ్మ మోకాళ్ళ వైపు చూశాను. చీర మీంచి కూడా వాపు తెలుస్తోంది.

"వద్దమ్మా. నేనే కడతాను," అన్నాను. సొంతిల్లు కొనుక్కుందామని దాచుకున్న డబ్బది. కార్డు ఆ అమ్మాయి చేతికిచ్చాను.

డబ్బు కట్టాక ఆ అమ్మాయి ఇంకో కాగితం తీసింది. "పేషెంటు తరఫున బాధ్యులెవరండి?"

నేను నోరు తెరిచేలోగానే అమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. తమ్ముడి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది. "మా అబ్బాయి. వాడి పేరే రాయమ్మా. రేపు చుట్టాలంతా చూడ్డానికొస్తారు. వాడికి నామోషీ కాకూడదు."

ఆ అమ్మాయి పెన్ను ఆపి, నా కార్డునీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"మరి మీరు ఆవిడకి ఏమవుతారు మేడమ్?"

"ఆవిడనే అడుగమ్మా," అన్నాను.