జ్ఞానులెక్కిన నౌక

రెబెక్కాకు మొండితనం పుట్టుకతో వచ్చింది, ఫిజిక్స్ చదువుతో అబ్బింది. ఆ రెండూ ఒకచోట చేరితే ఎదుటివాళ్ల గతి ఏమవుతుందో శంషాబాద్‌లోని వాళ్ల చర్చి సంఘంలో అందరికీ అనుభవమే.

ఏటా క్రిస్మస్ నాటికలో బాలయేసును చూడటానికి తూర్పు దేశపు జ్ఞానులు ఒంటెల మీద వస్తారు. ఒంటె అంటే దుప్పటి కప్పుకున్న ఇద్దరు పిల్లలు. ముందువాడు ఒకవైపు, వెనకవాడు ఇంకోవైపు నడిచి ఒంటె నడిమికి విడిపోవడం కూడా ఏటా జరిగేదే. ఒంటెలు మాన్పించి జ్ఞానుల్ని అంతరిక్ష నౌకలో రప్పిస్తానని రెబెక్కా మూడేళ్లుగా పాస్టర్ జయశీలన్ గారి ప్రాణం తీస్తోంది. చుక్కను వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు చుక్కల్లో తిరిగే బండి ఉంటే తప్పేమిటని ఆమె వాదన. చివరికి ఆయన దిగివచ్చారు.

"రిహార్సల్‌లో సంఘ పెద్దలు చూస్తారు తల్లీ. వాళ్లు మెచ్చితే నౌక. నవ్వులపాలైతే మళ్లీ ఒంటెలే. ఇక ఆ మాట ఎత్తకూడదు" అన్నారు.

ఆ రోజు నుంచి రెబెక్కా కాలేజీలో పాఠం చెబుతున్నా మనసంతా నౌక మీదే. తమ్ముడు ఆశేర్ కాటేదాన్‌లో రేకుల పని చేస్తాడు. మిగిలిపోయిన అల్యూమినియం గొట్టాలతో పొడుగాటి చట్రం కట్టి, చుట్టూ వెండి కాగితం అంటించి, ముచ్చటపడి రెండు రెక్కలు కూడా పెట్టాడు. లోపల ముగ్గురు బుడ్డ జ్ఞానులు, మోయడానికి నలుగురు కుర్రాళ్లు.

"ఎడమకు మలిగేటప్పుడు ఎడమదిక్కోళ్లు జర కిందికి దించుండ్రి" అని ఆశేర్ కుర్రాళ్లకు చెబుతుంటే రెబెక్కా వాడి మీద విరుచుకుపడింది.

"వంచుడు గించుడు ఏం లేదు. విమానానికి గాలి ఉంటది, రెక్కలు గాలిని నూకుతయి, గందుకే వంగి తిరుగుతది. చుక్కల నడుమ గాలేడిది? దేన్ని నూకుతది?"

"సిన్మాలల్ల అన్నీ వంగుతయి గదక్కా."

"సిన్మావోళ్లకు తెల్వకపోతే మనకు తెల్వదా? నా స్టూడెంట్లు వస్తరు, నవ్వుతరు. నౌక ఆగాలె, మూతి తిప్పాలె, మళ్ల పోవాలె. గంతే."

అంతటితో ఊరుకుందా? గాలి లేని చోట రెక్కలెందుకని అవి పీకించింది. నౌక బయల్దేరేటప్పుడు లోపలివాళ్లు వెల్లకిలా పడుకుంటారని ముగ్గురు జ్ఞానుల్నీ పడుకోబెట్టింది. కుదుపు ఉండకూడదని కుర్రాళ్లను మెల్లగా, అడుగులో అడుగేసి నడవమంది.

శనివారం సాయంత్రం పెద్దలంతా ముందు బెంచీల్లో సర్దుకున్నారు. మధ్యలో రెబెక్కా నానమ్మ ఇందిరమ్మ కూర్చుంది. స్త్రీల సమాజంలో ఆమె మాటకు తిరుగులేదు. తలుపు తెరుచుకుంది. నలుగురి భుజాల మీద పొడుగాటి వెండి పెట్టె ఒకటి, ఏ పక్కకూ ఒరగకుండా, నిదానంగా లోపలికి వచ్చింది.

ఇందిరమ్మ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఆమెను చూసి ఆడవాళ్లంతా లేచారు. ఎవరో సమాధుల దగ్గర పాడే పాట సన్నగా ఎత్తుకున్నారు. జయశీలన్ గారు సైతం అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని తల వంచారు.

"ఎవలు బిడ్డా, పాపం?" అని కళ్లొత్తుకుంటూ అడిగింది ఇందిరమ్మ.

సరిగ్గా అప్పుడే లోపల ఒక జ్ఞాని తుమ్మాడు. పెట్టెలోంచి తుమ్ము వినబడేసరికి ముందు కేకలు పుట్టాయి, తర్వాత నవ్వులు. నవ్వంటే మామూలు నవ్వు కాదు, పాట ఎత్తుకున్నావిడ బెంచీ పట్టుకుని కూలబడింది.

"ఇగ ఒంటెలే నయం" అని వెనక నుంచి ఎవరో అననే అన్నారు.

రెబెక్కా మూడేళ్ల ఆశ కళ్లముందే కొట్టుకుపోతోంది. పరుగున వెళ్లి నానమ్మ ఎదుట నిలబడింది.

"అది చుక్కల్ల తిరిగే నౌక నానమ్మా! గట్ల దూరం నుంచి వస్తది, చుక్క కనవడంగనే గిట్ల మలుగుతది..." అంటూ అరచేయి చాచి గాల్లో తిప్పి చూపింది.

"అక్కా, ఆగు! చెయ్యి గట్లనే ఉంచు" అన్నాడు ఆశేర్.

రెబెక్కా చూసుకుంది. అరచేయి ఒక పక్కకు బాగా ఒరిగి ఉంది. దాంతోపాటు భుజమూ దిగింది. డాబా మీద బట్టలు ఆరేస్తూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూసిన విమానాల వంపంతా ఆ చేతికి అబ్బింది. పట్టుబట్టి మళ్లీ తిప్పింది, ఈసారి వంచకుండా. బల్ల మీద దుమ్ము తుడిచినట్టు ఉందే గాని తిరిగినట్టు లేదు. అందరికంటే ముందు ఆమెకే నవ్వొచ్చింది.

"నాకే వంచకుండ చెప్ప వస్తలేదు. అయ్యగారూ, ఇంకొక్క ఛాన్స్!"

"ఒక్కటే" అన్నారాయన.

జ్ఞానులు లేచి, తలలు బయటికి పెట్టి కూర్చున్నారు. నౌక ఈసారి గబగబా వచ్చింది. వేదిక ముందు ఆశేర్ "ఎడమకూ!" అని అరవగానే ఎడమ భుజాలు దిగాయి, కుడి భుజాలు లేచాయి. బుడ్డ జ్ఞానులు కాగితపు కిరీటాలు పట్టుకుని కేరింతలు కొడుతూ మలుపు తిరిగారు. రెబెక్కా చూపు నౌక మీది నుంచి బెంచీల మీదికి మళ్లింది. మొదటి బెంచీ మొత్తం నౌక ఒరిగిన వైపే ఒరిగింది. రెండో బెంచీ కూడా. ఇందిరమ్మ పక్కావిడ ఒళ్లో పడబోయి కూడా కళ్లు తిప్పుకోలేదు. ఆ వంపు నౌకకు అక్కర్లేదు, కూర్చున్న చోటు నుంచే వెంట వెళ్లాలనుకునే వీళ్లకు కావాలి. అది తెలిసి రెబెక్కాకు సంతోషం పట్టలేకపోయింది.

నౌక ఆగింది. అందరూ పాస్టర్ గారి వైపు తిరిగారు. ఒరిగిపోయిన ఆయన నెమ్మదిగా సర్దుకుని గొంతు సవరించుకున్నారు.

"నాదొక అభ్యంతరం" అన్నారు. రెబెక్కా వాదనకు ఒక అడుగు ముందుకేసింది. "బైబిల్లో జ్ఞానులు తిరిగి వెళ్లేటప్పుడు వేరే దారిన వెళ్లారు కదమ్మా. అంటే ఇంకో మలుపు ఉండాలి. అది ఏది? అక్కడ ఇంకాస్త ఎక్కువ వంచండి."

రెబెక్కా చున్నీ నడుముకు బిగించింది. కుడివైపు ముందున్న కుర్రాణ్ణి పక్కకు తప్పించి గొట్టం కింద తన భుజం పెట్టింది. "కుడికీ!" అని చర్చి మారుమోగేలా అరిచి, అందరికంటే ముందు తనే వంగింది.