నైలాను దండ

వైపర్లు అద్దం మధ్యదాకా లేచి ఆగిపోయాయి. గోవిందరావు స్విచ్చి ఆపి మళ్లీ వేశాడు. లోపలెక్కడో మోటారు మూలిగి ఊరుకుంది. వాన మాత్రం ఊరుకోలేదు.

పక్క సీటులో అక్క అప్పలనర్సమ్మ కొంగు తలమీదుగా కప్పుకుని కూర్చుంది. రెండు కళ్లకూ శుక్లాలు. ఇవాళ కుడికంటికి ఆపరేషన్. కలకత్తా డాక్టరు పదింటికల్లా రమ్మన్నాడు. తప్పితే మళ్లీ దుర్గాపూజ సెలవులు దాటాకే. టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో వెళదామంటే, విశ్వకర్మ పూజ కదా, తాముండే నిమ్‌పురాలో బండ్లన్నిటికీ దండలేసి నిలబెట్టేశారు. మిగిలింది ఇంటిముందున్న ఈ పాత పికప్పే. భార్య మీనాకుమారి ఉన్న రోజుల్లో హోటళ్లకు ఇడ్లీపిండి తిప్పిన బండి.

ఫ్యూజు తీసి చూశాడు. కాలిపోయింది. కొత్తది పెడితే అదీ టప్పున పోయింది. మెకానిక్ బుజ్జిబాబుకు ఫోన్ చేసి చెప్పాడు. అవతల డోలు మోత.

"మోటారు జామయిపోనాది బాబాయ్. రేపు సూస్తాను."

"ఇవాళ అక్క ఆపరేషన్‌రా!"

"ఏటి సెయ్యమంటావు? నా సామానంతా దేముడి కాడుంది. ఇవాళ స్పానరు ముట్టనని నీకు తెల్దేటి?"

గోవిందరావుకు ఒళ్లు మండింది. వానలోనే దిగి బానెట్టు ఎత్తాడు. వైర్లు కదిపాడు, ప్లగ్గు ఊడదీసి ఊది పెట్టాడు. చేతులకు మసి, మెడలోకి నీళ్లు. బానెట్టును దభీమని మూశాడు.

"దాన్ని కొడితే నడుస్తాదేటిరా?" అంటూ అప్పలనర్సమ్మ తడుముకుంటూ దిగి వచ్చింది.

"కనపడదు నీకు, లోపల కూకో అప్పా."

"కనపడకే గదా ఆసుపత్రికెల్తన్నాం!" ఆమె వేళ్లు అద్దం అంచున పాకి, వైపరు మొదట్లో ఆగాయి. "ఇదేటి, నా ముడి గాదూ?"

గోవిందరావు వంగి చూశాడు. నిన్న పూజకని ఆమె కట్టిన బంతిపూల దండ. పూలు రాలిపోయాయి. దారం మాత్రం అద్దం కింది జాలీ సందులోంచి దిగి, రెండు వైపర్లనూ ఆడించే ఇనుప కడ్డీకి బిగుసుకుపోయి ఉంది.

"నూలుదారమైతే తెగిపోతాదని నైలానుతో కుచ్చినాను," అంది ఆమె చిన్నగా. "బండి కొక్కేనికే కడతన్నాననుకున్నాను."

తిట్టడానికి నోరు తెరిచాడు. తడిసి ముడతలు పడ్డ వేళ్లు ఇంకా ఆ ముడిమీదే ఉన్నాయి. మెల్లగా వాటిని పక్కకు జరిపాడు.

దారం చేత్తో లాగితే రాలేదు. ప్లయరు, కత్తెర, ఆఖరికి కూరగాయల కత్తి కూడా బొట్లు పెట్టుకుని ఇంట్లో విశ్వకర్మ పటం ముందున్నాయి. ఇవాళంతా ముట్టకూడదు. మీనాకుమారి ఏటేటా ఒక కత్తిని పూజలో పెట్టకుండా బియ్యం డబ్బాలో దాచేది. ఈసారి అతనికది తోచలేదు.

"అప్పా, పనిముట్లన్నీ పూజలో ఉన్నాయి."

"ఆ దేముడూ మేస్త్రేరా. ఏటీ అనుకోడు, ఎల్లి తే."

ఇంట్లోకి పరుగెత్తి దణ్ణం పెట్టుకున్నాడు. ప్లయరు తీసుకుని, అదున్న చోట ఒక పువ్వు ఉంచాడు.

దారం ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. మిగిలిన ఆఖరి ఫ్యూజు పెట్టి, ఊపిరి బిగబట్టి స్విచ్చి వేశాడు. వైపర్లు కీచుమంటూ లేచి, వంగి, మళ్లీ లేచాయి.

"ఆడతన్నాయేటి?"

"ఆడతన్నాయప్పా."

బండి బయలుదేరింది. అతనివైపు రబ్బరు అరిగిపోయి, సరిగ్గా కళ్లముందే నీటి చార వదులుతోంది. అద్దం తేటగా ఉన్నది చూపు ఆనని అక్క వైపే. గోవిందరావు విసుక్కుంటూ అటు మెడ వంచి తోలసాగాడు. పోనీలే, రేపు పట్టీ విప్పించుకుని తిరిగొచ్చేటప్పుడు, ఆవిడకైనా దారి బాగా కనిపిస్తుంది.