ఉబ్బిన మూత

మూత ఉబ్బాలి. డబ్బాల అక్క పట్టుదల అది. పొయ్యి మీద కుతకుతలాడే కూరని గరిటెతో తీసి తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఆవిరి తప్పించుకోకముందే టక్కున మూత బిగిస్తే, అది పొట్ట నిండిన పసిపాపలా పైకి పొంగాలి. “మూత అణిగిందంటే కూర చల్లారినట్టు, కూర చల్లారిందంటే నా పరువు పోయినట్టు” అనేది. ఆ వీధిలో ఉద్యోగాలకి పరుగులు తీసే తల్లులకి మధ్యాహ్నం పూట ఆవిడ డబ్బాయే దిక్కు. వాళ్ళ పిల్లలు ముందు మూతని వేలితో నొక్కి, అది టప్పుమంటే కేరింతలు కొట్టి, ఆ తరవాతే తిండి మొదలుపెట్టేవారు.

అక్క మహా పొదుపరి. కొత్త డబ్బాలు బయటివాళ్ళకి. తిరిగొచ్చిన వాటిలో గీతలు పడ్డవీ, నూనె మరకలు వదలనివీ, వేడికి వంకర్లు పోయినవీ సొంతింటికి. పారేయడానికి చేతులు రావు. అలా ఆవిడ ఒక్కగానొక్క కూతురు, అన్నం తినడం నేర్చినప్పటి నుంచీ, ఆ ముసలి డబ్బాల్లోనే తిని పెరిగింది. గింజ గింజ ఏరుకు తింటోందని ముద్దుగా ‘పిచ్చుక’ అన్నారు. ఏడేళ్ళు నిండకుండానే ఆ పేరు ఆ పిల్లకి అతకడం మానేసింది.

“ఏం పెడుతున్నావే కోడలా, నా మనవరాలు చూస్తుండగానే సాగిపోతోంది!” అని అత్తగారు మురిసిపోయేది. అక్క కూడా తక్కువ పొంగిపోలేదు. తల్లి మనసు కదా, బిడ్డ గౌను బిగుతైతే చాలు, తన వంట గెలిచిందనుకుంటుంది. నుదుటి మీద మొటిమలు లేస్తే వేడి చేసిందనుకుంది. తల దువ్వుతున్నప్పుడు పెద్దవాళ్ళలా చెమట వాసన వస్తే, స్నానం సరిగ్గా చెయ్యలేదని నాలుగు చీవాట్లు పెట్టింది.

ఒకరోజు పిచ్చుక బడి నుంచి పుస్తకాల సంచిని గుండెలకి హత్తుకుని వచ్చింది.

“సంచి వీపుకి తగిలించుకోవే. గూని వస్తుంది.”

“ఇక్కడ నొప్పమ్మా. ఎవరైనా తగిలితే ఏడుపొస్తోంది.”

పడిందేమోనని అక్క తడిమి చూసింది. దెబ్బ కాదు. తనకి పన్నెండేళ్ళు దాటాక మొదలైన నొప్పి ఇది.

పిల్లల డాక్టరమ్మ పిచ్చుక చేతికి ఎక్స్‌రే తీయించి చాలాసేపు చూసింది. “ఎముకలు వయసుని దాటి పరిగెడుతున్నాయమ్మా. ఇప్పుడు సాగినట్టే ఉంటుంది, తరవాత ఎదుగుదల తొందరగా ఆగిపోతుంది. ఇంత పసిదానికి నెలసరి వస్తే తట్టుకోగలదా? అది మన చెయ్యి దాటకుండా చూడాలి. ఏం తింటుంది?”

“అన్నీ నా చేత్తో వండినవే. బయటి తిండి వాసన కూడా చూడనివ్వను” అంది అక్క, కాస్త గర్వంగానే.

“దేంట్లో తింటుంది?”

ఆ ప్రశ్న ఆవిడనెవరూ ఏనాడూ అడగలేదు. చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించేసింది.

“ఇదే కారణమని నేను తేల్చి చెప్పలేను. ఒక్కోసారి కారణమే దొరకదు. కానీ వేడివేడిగా నూనె కూర పోస్తే కొన్ని ప్లాస్టిక్కుల్లోంచి ఏవో రసాయనాలు తిండిలోకి దిగుతాయి. వాటిలో కొన్ని ఒంట్లో మన హార్మోన్ల వేషం వేస్తాయి. ముందు అవి మానెయ్యండి. మిగతా పరీక్షలు రానీండి, మందు సంగతి చూద్దాం.”

ఇంటికి రాగానే అక్క అలమారాలోని ముసలి డబ్బాలన్నీ గోనెలో కుక్కేసింది. విషమని తెలిసి పెట్టే తల్లి ఎక్కడా ఉండదు. తను తెలియక పెట్టింది, అదీ బతిమాలి, బుజ్జగించి, ఇంకో ముద్ద ఇంకో ముద్ద అంటూ. ఆ మాట తలుచుకుని వంటింట్లో కూలబడి ఏడ్చింది.

డబ్బాలు బండి మీద ఇంటింటికీ చేర్చేది ఆవిడ భర్తే. “మన పిల్లకి స్టీలు కంచం పెట్టు, కాదన్ను. బయట మాత్రం నోరు మెదపకు. డాక్టరమ్మే తేల్చి చెప్పలేదు కదా! వీధిలో పొక్కిందంటే మన పొయ్యి ఆరిపోతుంది.”

అక్కకి ఒళ్ళు మండింది. కానీ ఆ పొయ్యి ఆరిపోతే పిచ్చుక మందులెలాగో ఆవిడకీ తెలియదు. అందుకని మధ్యేమార్గం పట్టింది. కూరని ఫ్యాను కింద చల్లార్చి డబ్బాల్లో నింపడం మొదలుపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మూతలు మాత్రం ఉబ్బడం మానేశాయి.

వారం తిరక్కుండానే మూలింటి కోడలు గుమ్మంలోకి వచ్చింది, రెండో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని.

“ఏంటక్కా, మూతలు అలా చప్పబడిపోయాయి? మా బుజ్జిది టప్పుమనందే ముద్ద ముట్టదు. ఊహ తెలిసినప్పటి నుంచీ నీ డబ్బా తిండేగా! నీ చేతి చలవ, ఎలా ఎదిగిందో చూడు. మొన్న కొన్న గౌను ఇవాళ పట్టట్లేదు.”

అక్క చూసింది. ఆ పిల్ల తల్లి వెనక్కి ఒదిగి నిలబడింది. పుస్తకాల సంచి వీపు మీద లేదు. రెండు చేతులతో గుండెలకి హత్తుకుని ఉంది.

బయట బండికి డబ్బాలు కడుతున్న భర్త కిటికీలోంచి అక్క వైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అబద్ధం ఆవిడ నాలుక చివరే ఉంది. గ్యాసు అయిపోవచ్చిందమ్మా, రేపట్నుంచి పొగలు కక్కేలా పంపిస్తా అంటే సరిపోయేది.

అక్క గరిటె కింద పెట్టింది.

“చెల్లీ, పాప ఇక్కడ నొప్పని ఏమైనా అంటోందా?” అని తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది.

మూలింటి కోడలు మొహంలో నవ్వు ఆగిపోయింది. కూతురి వంక చూసింది, మళ్ళీ అక్క వంక చూసింది.

“నీకెలా తెలుసక్కా? నేనింకా ఎవరికీ చెప్పలేదే!”